ప్రింట్‌ఎఫ్ చూడలేని సంఖ్య

సి భాషలో రాసిన ప్రోగ్రామ్‌ ఒక సంఖ్యను తెర మీద చూపించాలంటే మామూలుగా ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో సి భాషతో పాటు పెరిగిన ఈ ఫంక్షన్‌కు ముందుగా ఒక నమూనా వాక్యం ఇవ్వాలి. అందులో శాతం గుర్తు పక్కన డి అక్షరం ఉంటే అక్కడ పూర్ణాంకం రావాలని అర్థం. ఆ పూర్ణాంకం ఎన్ని బిట్లదో ప్రింట్‌ఎఫ్‌కు విడిగా చెప్పేవాళ్లు లేరు. సంచి మీది చీటీ చదివి లోపలి సరుకును నమ్మినట్టు, నమూనాలోని అక్షరాలను నమ్మి మెమరీ నుంచి అవి చెప్పినన్ని బైట్లు తీసుకుంటుంది. అంటే ప్రోగ్రామర్ ఒకే సంగతిని రెండు చోట్ల, సంఖ్య రకంలోనూ నమూనాలోనూ, రాయాలి. ఆ రెండూ పొసగుతున్నాయో లేదో నడిచే వేళ చూసే నాథుడు లేడు. పెద్ద సంఖ్యల ముద్రణలో వచ్చిన చిక్కులకు మూలం ఇదేనని నా వాదన. ఆపరేటింగ్ సిస్టమ్‌ల తేడాలు ఈ లోపాన్ని బయటపెట్టాయి గాని, పుట్టించలేదు.

32 బిట్ల పూర్ణాంకం రుణ సంఖ్యలనూ పట్టుకోవాలంటే దాని గరిష్ఠ విలువ 2,14,74,83,647. 1990లలో డిస్కులు పెరిగి, ఫైళ్ల పరిమాణం ఆ హద్దు దాటసాగింది. 500 కోట్ల బైట్ల ఫైలు పరిమాణాన్ని 64 బిట్ల సంఖ్యగా ఇచ్చి, నమూనాలో 32 బిట్లని రాశామనుకుందాం. 32 బిట్ల ఇంటెల్ యంత్రంలో ప్రింట్‌ఎఫ్ మొదటి నాలుగు బైట్లే తీసుకుని 70,50,32,704 అని చూపిస్తుంది. మిగిలిన నాలుగు బైట్లలో 1 ఉంటుంది, తర్వాతి విలువ అదే అనుకుంటుంది. ఆ చోట ఫైలు పేరు రావలసి ఉంటే, 1 అనే చిరునామాలో పేరు వెతకబోయి ప్రోగ్రామ్‌ కూలిపోతుంది. ఒక్క అక్షరం తప్పితే ఆ సంఖ్య ఒక్కటే కాదు, దాని వెనక ఉన్నవన్నీ పక్కకు జరుగుతాయి.

అక్షరం సరిగ్గా రాస్తే చాలు కదా అంటే, ఏది సరైనదన్నదే ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. 64 బిట్ల యూనిక్స్ యంత్రాల్లో లాంగ్ అనే రకం 64 బిట్లకు పెరిగింది. విండోస్‌లో మాత్రం 32 బిట్లకే ఉండిపోయింది, ఎందుకంటే లాంగ్ అంటే 32 బిట్లేనని నమ్మి రాసిన ప్రోగ్రామ్‌లు, ఆ కొలతతో డిస్కు మీదికెక్కిన ఫైళ్లు అప్పటికే లెక్కలేనన్ని. రెండు నిర్ణయాలకూ కారణాలున్నాయి, ఒకరిని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ నమూనాలో 64 బిట్లను సూచించే గుర్తులు కూడా విడిపోయాయి: బీఎస్‌డీలో క్యూ, గ్నూ లైబ్రరీలో రెండు ఎల్‌లు, విండోస్‌లో ఐ64. విండోస్ పాత లైబ్రరీ రెండో ఎల్‌ను పట్టించుకోకుండా 32 బిట్లే చదివేది. 1999 నాటి సి ప్రమాణం దీనికి ఒక మందు చూపింది. పీఆర్‌ఐడీ64 అనే మాక్రో రాస్తే, ఆ సిస్టమ్‌కు తగిన గుర్తును దాని హెడర్ ఫైలే నమూనాలో అతికిస్తుంది.

ఈ మాక్రో వాక్యాన్ని ముక్కలు చేసి చదవడాన్ని కష్టం చేస్తుంది, నిజమే. సంఖ్యను లాంగ్ లాంగ్ అనే రకంగా మార్చి రెండు ఎల్‌లు రాస్తే పోదా అని చాలామంది అడుగుతారు. నేటి ప్రధాన లైబ్రరీలు ఆ గుర్తును గుర్తిస్తాయి కనుక ఇది చెల్లే సలహాయే, కొత్త ప్రోగ్రామ్‌కు నేనూ దీన్నే ఎంచుకుంటాను. అయినా ఆ మార్పును ప్రతిచోటా గుర్తుపెట్టుకుని రాసే భారం మనిషి మీదే ఉంది. జీసీసీ వంటి కంపైలర్లు పొసగని గుర్తును ముందే హెచ్చరిస్తాయి కదా అన్నది మరింత గట్టి అభ్యంతరం. హెచ్చరిస్తాయి, కానీ నమూనా వాక్యం కంపైలర్ కళ్లముందు ఉన్నప్పుడే. తెలుగు అనువాదపు ఫైలు నుంచి నడిచే వేళ వచ్చే వాక్యాన్ని కంపైలర్ చూడనే చూడదు. అందుకే గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం పీఆర్‌ఐడీ64 పేరును అనువాదకుడి వాక్యంలో అలాగే ఉంచి, ఏ సిస్టమ్‌లో నడిస్తే ఆ సిస్టమ్ గుర్తును అప్పుడు పూరిస్తుంది. సి++ 2020 ప్రమాణంలోని ఫార్మాట్ ఫంక్షన్ అసలు లోపాన్నే తీసేసింది: నమూనాలో ఖాళీ బ్రాకెట్ల జత పెడితే చాలు, సంఖ్య ఎన్ని బిట్లదో దాని రకం నుంచే తెలుసుకుంటుంది. 2023 నాటి సి ప్రమాణం డబ్ల్యూ64 అనే గుర్తును తెచ్చి వెడల్పును అంకెల్లోనే రాయనిచ్చింది, అయితే అక్కడ ఆ వెడల్పును రెండోసారి రాయవలసింది ఇప్పటికీ ప్రోగ్రామరే.