ఢిల్లీ లేఖ: వెంటిలేటరు, దాని కింద పరుపు

2020 మే 13న పీఎం కేర్స్ నిధి నుంచి 3,100 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో 2,000 కోట్లు 50,000 వెంటిలేటర్లకు. ఆనాడు ఆ అంకెలను నేనూ శ్రద్ధగా రాసి పంపినవాడినే. ఆ యంత్రం తగిలించిన రోగి దేనిమీద పడుకుంటాడని మాత్రం అడగలేదు.

సూరత్‌లోని లింబాయత్‌లో ఆ ప్రశ్న ఎదురైనది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాలకు వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నవి. నగరపాలక సంస్థ తెలుగు బడులు సైతం నడుపుతున్నది. ఒక నేత కార్మికుని చెంపమీద, గడ్డంమీద నల్లని మచ్చలు. కారణమడిగితే, "బోర్లేసి పండవెట్టిన్రట సారూ, నాకైతే తెల్వది. జ్వరం పోయింది గని ఇవి పోలే" అన్నాడు.

బోర్లా పడుకోబెట్టడం తప్పు కాదు. వీపువైపు ముడుచుకుపోయిన ఊపిరితిత్తుల భాగాలు అప్పుడు తెరుచుకుంటాయి. 2013లో వెలువడిన ప్రోసేవా పరిశోధనలో 28 రోజులలో మరణించినవారు వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం, బోర్లా ఉంచినవారిలో 16 శాతం. ఇంతటి తేడా చూపే చికిత్సలు అరుదు. అయితే ఒక్కో విడత పదహారు గంటలకు తక్కువ కాదు. అంతసేపూ బరువంతా చెంపలు, గడ్డం, రొమ్ము, తుంటి ఎముకలు, మోకాళ్ళు మోయాలి. నొక్కుడుపడిన చోట రక్తప్రసారం ఆగి చర్మం చచ్చిపోతుంది. మత్తులో ఉన్నవాడు నొప్పి అనలేడు.

గట్టి పరుపు ఎముకను ఒత్తుతుంది. రెక్సిన్ తొడుగు చెమటను నిలుపుతుంది. మరీ మెత్తనిదైతే శరీరం దిగబడి పొట్ట నొక్కుకుంటుంది; గుండె ఆగితే ఛాతీమీద చేసే ఒత్తుడు పరుపులోకే పోతుంది. గాలి అరలు వంతులవారీగా నిండి ఖాళీ అయ్యే పరుపు మేలే, కాని దానికి కరెంటు కావాలి, రోగి బరువుకు తగినట్లు గాలి సరిచూసే మనిషి కావాలి. ముఖాన్ని ఏ పరుపూ కాపాడదు. దానికి వేరే దిండు, కొన్ని గంటలకోసారి తల తిప్పే నర్సు ఉండాలి. ఒక్క రోగిని తిప్పడానికే నలుగురైదుగురు పట్టాలి. మన పాలకుల దృష్టిలో వెంటిలేటరు వైద్యం, పరుపు ఫర్నిచరు.

నేను లేచేసరికి ఆయనకు రాత్రి షిఫ్టు వేళయింది. దారపు నూగు పడితే మచ్చలు దురదపెడతాయని, రుమాలు చెంపలకు చుట్టుకుని బయలుదేరాడు.