టెలిఫోను తీగ మీద అంకెల ప్రయాణం

కొండాపూర్ నుంచి మాదాపూర్ వైపు వెళ్తుంటే అద్దాల మేడల నడుమ గుండ్రటి భవనం ఒకటి కనిపిస్తుంది. అదే 1998 నవంబరులో ప్రారంభమైన సైబర్ టవర్స్. ఈనాడు ఈ ప్రాంతమంతటా నేల కింద గాజు తంతువులు పరుచుకొని ఉన్నాయి. వాటిలో సమాచారం వెలుగు రూపంలో పరుగెడుతుంది. కాని ఆ భవనం తలుపులు తెరిచిన రోజుల్లో పరిస్థితి వేరు. పెద్ద సంస్థలకు ఉపగ్రహ సంబంధాలు ఉండేవి. హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. 1999లో బ్యాంకుల కోసం ఇన్ఫినెట్ అనే జాలాన్ని ఉపగ్రహం ద్వారానే మొదలుపెట్టింది. చిన్న కార్యాలయాలకూ, దుకాణాలకూ అంత స్తోమత ఎక్కడిది? సరుకుల ఆర్డరు పంపాలన్నా, కార్డు మీద డబ్బు తీసుకోవాలన్నా వాటికి మామూలు టెలిఫోను తీగే దిక్కు. ఆ తీగకూ యంత్రానికీ మధ్య కూర్చున్న దుబాసీయే మోడెమ్.

దుబాసీ ఎందుకు?

టెలిఫోను మనిషి గొంతు కోసం పుట్టింది. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకు పౌనఃపున్యం గల ధ్వనులను మాత్రమే అది మోసుకుపోతుంది. కంప్యూటరుకు తెలిసినవి రెండే సంకేతాలు: 1, 0. వీటిని విద్యుత్ స్పందనలుగా తిన్నగా తీగలోకి వదిలితే అవతలి ఊరికి చేరవు. కాబట్టి వాటిని ధ్వనిగా మార్చాలి. ఇలా మార్చే సాధనం మాడ్యులేటర్. తిరిగి అంకెలుగా మార్చేది డీమాడ్యులేటర్. ఈ రెండు పేర్ల మొదళ్ళను కలిపితే మోడెమ్ అయింది.

వి.21 అనే పాత పద్ధతిని చూడండి. ఫోను చేసిన మోడెమ్ 1ని 980 హెర్ట్జ్‌ల ధ్వనిగా, 0ని 1180 హెర్ట్జ్‌ల ధ్వనిగా పంపుతుంది. ఫోను ఎత్తిన మోడెమ్ 1650, 1850 హెర్ట్జ్‌లు వాడుతుంది. ఎవరి స్వరాలు వారివి కనుక ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకున్నా గందరగోళం లేదు. వేగం సెకనుకు 300 బిట్లు. 1998 నాటికి వచ్చిన వి.90 పద్ధతిలో ఇది దాదాపు 56,000 బిట్లకు పెరిగింది. ఆపైన వెళ్ళడం కష్టం. ఎందుకంటే డిజిటల్ టెలిఫోను ఎక్స్ఛేంజి మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లతో రాస్తుంది. రెండూ గుణిస్తే 64,000. అదే ఆ దారి వెడల్పు!

ఎక్కడ ఆగింది?

సంబంధం కుదరనప్పుడు మోడెమును తట్టి లాభం లేదు. వైద్యుడు నాడి చూసినట్లు దాని చప్పుడు వినాలి. ప్రతి కాల్‌లోనూ వరుసగా నాలుగు మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే లోపం సగం దొరికినట్లే.

మొదటి మెట్టు డయల్ టోను. అది వినిపించకపోతే తీగ ఊడిందేమో, అదే లైను మీద ఉన్న మరో ఫోను ఎత్తి పెట్టారేమో చూడాలి. టోను మనకు వినిపిస్తూనే ఉన్నా మోడెమ్ మాత్రం ‘లేదు’ అంటుందా? అందుకూ కారణముంది. అమెరికాలో డయల్ టోను 350, 440 హెర్ట్జ్‌ల కలయిక. మన దేశపు టోను 400 హెర్ట్జ్‌ల చుట్టూ ఉంటుంది. అక్కడి టోనుకు అలవాటుపడిన మోడెమ్ మన టోనును గుర్తుపట్టకపోవచ్చు. అప్పుడు ‘టోను కోసం ఆగకుండా నంబరు తిప్పు’ అని దానికి ఆదేశమిస్తే సరిపోతుంది.

రెండవ మెట్టు నంబరు తిప్పడం. పాత ఎక్స్ఛేంజీలకు స్వరాలు తెలియవు, టకటకమనే స్పందనలే తెలుసు. అంకె 5 అయితే అయిదు స్పందనలు. అలాంటి చోట మోడెము కూడా స్పందనలతోనే నంబరు తిప్పాలి.

మూడవ మెట్టు పరిచయం. అవతలి మోడెమ్ ఫోనెత్తి కూత పెడుతుంది. ఇద్దరూ ఏ పద్ధతిలో, ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకుంటారు. మనం విన్న కీచు శబ్దాలు ఈ బేరమే! ఇక్కడ ఆగితే వేగం తగ్గించి చూడాలి.

నాలుగవ మెట్టు సమాచారం. సంబంధం కుదిరింది, కాని తెర మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఒకవైపు అక్షరానికి 7 బిట్లు, మరోవైపు 8 బిట్లు పెట్టుకున్నారేమో చూడాలి. ఆ అమరిక సరిగానే ఉంటే తప్పు తీగది. వానకు తడిసిన అతుకులు చిటపటమంటాయి. మాట మధ్యలో మరొక కాల్ వస్తోందని చెప్పే బీప్ శబ్దం కూడా సంబంధాన్ని తెంచగలదు.

ఒక్క నియమం మరవకూడదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ప్రయోగశాలలో మీరు పాటించే నియమమే ఇది. మూడు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుంది?

100 బస్తాలు 900 అయితే?

సంబంధం తెగితే కనీసం తెలుస్తుంది. తెగకుండానే ఒక బిట్టు మారితే? అసలు ప్రమాదం అదే. కంప్యూటరు భాషలో ‘1’ అనే అంకెను 0110001 అని, ‘9’ని 0111001 అని రాస్తారు. తేడా ఒక్క బిట్టే! ఒక్క చిటపట చాలు, 100 బస్తాల బియ్యానికి పంపిన ఆర్డరు 900 బస్తాలుగా చేరడానికి.

దీనికి విరుగుడు సరి-బేసి పరీక్ష. ‘1’ సంకేతంలో మూడు ఒకట్లున్నాయి. మరొక ఒకటిని చేర్చి వాటిని నాలుగు, అంటే సరి సంఖ్య చేసి పంపుతారు. దారిలో ఒక బిట్టు మారితే ఒకట్లు బేసి అవుతాయి. వెంటనే తప్పు బయటపడుతుంది. కాని రెండు బిట్లు మారితే? ‘7’ సంకేతం 0110111. ‘1’కీ దీనికీ తేడా రెండు బిట్లు. ఒకట్లు మళ్ళీ సరి సంఖ్యే అవుతాయి కనుక పరీక్ష మోసపోతుంది.

అందుకే 1977లో అమెరికాలో వార్డ్ క్రిస్టెన్సన్ రూపొందించిన ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో సమాచారాన్ని 128 అక్షరాల కట్టలుగా కట్టి, ప్రతి కట్టకూ కూడిక మొత్తాన్ని జోడించారు. అందుకున్న యంత్రం తానూ కూడి చూస్తుంది. సరిపోతే ‘అందింది’, లేకపోతే ‘మళ్ళీ పంపు’ అంటుంది. పైన చెప్పిన 1, 7ల మార్పులో మొత్తం 6 పెరుగుతుంది కాబట్టి దొంగ దొరికిపోతాడు.

కొత్త తీగ, పాత యంత్రం

అమెరికాలో పేరుపొందిన ఎ.ఓ.ఎల్. సంస్థ 2025 సెప్టెంబరు 30న తన డయలప్ సేవను ఆపింది. అయినా మోడెముతో మాట్లాడే పాత యంత్రాలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటికి కొత్త చిక్కు ఒకటి వచ్చింది. నేటి ఫోను సంభాషణ చాలాచోట్ల చిన్న చిన్న పొట్లాలుగా ఇంటర్నెట్ మీద ప్రయాణిస్తుంది. చోటు ఆదా చేయడానికి గొంతును కుదిస్తారు కూడా. ఒక పొట్లం జారిపోయినా మన చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోలేదు. అప్పుడు కుదింపు లేని పద్ధతికి మారడం, వేగం తగ్గించడం మేలు.

మీరూ చేసి చూడండి

ఇద్దరు మిత్రులు బడి వరండాకు రెండు చివరల నిలబడండి. సన్నని ఈల 1, బొంగురు ఈల 0. ఏడు బిట్లతో ఒక అంకె పంపి, చివర సరి-బేసి బిట్టును చేర్చండి. అవతలివారు రాసుకొని ఒకట్లను లెక్కపెట్టాలి. తరువాత విరామం గంట కొట్టినప్పుడు, ఆ గోలలో మళ్ళీ చేయండి. ఎన్ని తప్పులు వచ్చాయి? వాటిలో ఎన్నింటిని పరీక్ష పట్టుకుంది? ఈలలను మెల్లగా, ఎక్కువసేపు ఊదితే తప్పులు తగ్గాయా? మోడెమ్ వేగం ఎందుకు తగ్గించుకుంటుందో మీ నోట్ పుస్తకంలోని అంకెలే చెబుతాయి.