డిస్కస్ చేపపిల్లల పెంపకము

మా యింటి గాజు తొట్టిలోనికి మొదటిసారి మేము ఆరు డిస్కస్ చేపపిల్లలను తెచ్చితిమి. తొట్టి క్రొత్తది. నీరు అద్దమువలె తేటగా నుండెను. మేతకు లోటు లేదు. అయినను వారము తిరుగకమునుపే రెండు పిల్లలు చనిపోయినవి. ఇంటిలోని చిన్నవారు కారణ మడిగినప్పుడు మాకు సమాధానము తోచలేదు. తరువాత నేర్చుకొనిన సంగతులను శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

డిస్కస్ చేపకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతము. పళ్ళెమువలె గుండ్రముగా, పలుచగా నుండుటచే దాని కా పేరు వచ్చినది. 1840లో ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు యోహాన్ యాకోబ్ హెకెల్ దీనిని మొదట వర్ణించెను. అడవి ఆకులు నాని తేనీటి రంగు తిరిగి, లవణములు తక్కువై, కొంచెము ఆమ్లగుణము గల వెచ్చని నీరు దీనికి అలవాటు.

ఈ జాతికి ఒక విశేషము కలదు. గ్రుడ్లు రెండు మూడు దినములలో పగులును. మరి రెండు మూడు దినములకు పిల్లలు ఈదనేర్చి, తల్లిదండ్రుల ప్రక్కలను చేరి, వాటి చర్మముపై ఊరెడి జిగురును తిని పెరుగును. తల్లి, తండ్రి వంతులు వేసికొని ఈ పని నెరవేర్చును. ఆ జిగురులో మాంసకృత్తులును, రోగములను అడ్డగించు పదార్థములును కలవని 2010లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. సుమారు మూడు వారములు గడచిన పిదప తల్లిదండ్రులు కొంతసేపు పిల్లలకు దూరముగా తొలగుచుండును. చంటిబిడ్డకు పాలు మాన్పించు తల్లి గుర్తుకు రాకమానదు. అట్టి పిల్లలు మన యింటికి వచ్చిన పిమ్మట వాటికి దిక్కు మనమే.

ఇక మా పొరపాటు సంగతి. చేపలు విసర్జించు మాలిన్యము, తినగా మిగిలిన మేత నీటిలో అమ్మోనియాగా మారును. అది కంటికి కానరాని విషము. పాత తొట్టిలో ఫిల్టరు స్పాంజిని ఆశ్రయించిన సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, దానిని అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. అవి కుదురుకొనుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మా తొట్టి వయస్సు అప్పటికి రెండే దినములు! పైగా మాది బోరుబావి నీరు, క్షారగుణము కలది. క్షారగుణము, వెచ్చదనము హెచ్చిన కొలది అమ్మోనియా విషము తీవ్రమగును.

మిగిలిన నాలుగింటిని ఒక మిత్రుని పాత తొట్టికి చేర్చితిమి. చేపలు లేని మా తొట్టిలో ఫిల్టరును నడిపించుచు, దినమునకు చిటికెడు మేత వేసి, ఆరు వారములు ఆగితిమి. అంగడిలో దొరకు పరీక్షా ద్రవములతో చూడగా అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న అయిన నాడు వాటిని మరల తెచ్చుకొని, మరి రెండింటిని జోడించితిమి. ఇవి గుంపుగా బ్రతుకు చేపలు. ఆరింటికి తక్కువైనచో బలముగల చేప బలహీనమైన దానిని తరుముచు మేతకు రానీయదు. ఆరు పిల్లలకు రెండువందల లీటర్ల తొట్టి ఉండుట మంచిది.

నీటి వేడిమి 28 మొదలు 30 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండవలెను. చలికాలపు రాత్రులలో హీటరు తప్పనిసరి. పిల్లలకు కొద్దికొద్దిగా దినమునకు నాలుగైదు సారులు మేత పెట్టి, మిగిలినదానిని వెంటనే తీసివేయవలెను. అడుగున ఇసుక పరువకున్నచో ఈ పని సులువగును. ప్రతిదినము నాలుగవవంతు నీటిని మార్చుట మేలు. పోయు నీరు తొట్టిలోని నీటియంత వెచ్చగా నుండవలెను. కుళాయి నీరైనచో దానిలోని క్లోరిన్‌ను హైపోతో విరిచిన పిదపనే పోయవలెను. నీటి గుణమును మార్చుటకై ఆమ్లములు కలుపవలదు. తొట్టెలలో పుట్టి పెరిగిన పిల్లలకు నీటి స్వభావము మాటిమాటికి మారకుండుట ముఖ్యము.

చేప రంగు నల్లబడినను, మూలకు ఒదిగినను, మేత ముట్టకున్నను మందుకై పరుగెత్తకుడు. మొదట నీటిని పరీక్షింపుడు.

ఇప్పుడు మా తొట్టిలోని ఆరు చేపలును అరచేతియంత అయినవి. ప్రతి సాయంకాలము నీరు మార్చుట మా యింటి పిల్లల వంతు. క్రొత్తగా తొట్టి పెట్టదలచిన వారికి మా మనవి యొకటే: తొట్టిని ముందు కొని, చేపలను నెలన్నర పిమ్మట కొనుడు. ఇంటి పిల్లలు తొందరపెట్టుదురు. మా యింటను పెట్టిరి, మేమును లొంగితిమి. ఆ తొందరకు మూల్యము చెల్లించినవి ఆ రెండు చేపపిల్లలు.