ఞ కి పని దొరికిన దేశం

“మీ అమ్మాయి ఎక్కడుందండీ?”

“స్పెయిన్‌లోనండీ.”

“అయ్యో, అమెరికా వీసా రాలేదా?”

మైలవరం మెయిన్ రోడ్డు పక్క సందులో కిరాణా కొట్టు నడిపే ఆవిడకి ఈ మూడు మాటలూ కంఠతా వచ్చేశాయి. అమెరికాకి అసలు దరఖాస్తే పెట్టలేదని, యూరప్ వాళ్లే నెలనెలా డబ్బిచ్చి చదివిస్తున్నారని చెబితే, ఎదుటివాళ్లు నమ్మినట్టు తలాడించి ఇంకో ప్రశ్న వేస్తారు: “అక్కడ మనవాళ్లున్నారా?” ఉన్నారంటే ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పేర్లు వేయొద్దని ఆవిడ ముందే మాట తీసుకున్నారు. “దిష్టి తగులుద్దండీ, అసలే దూరం.”

విజయవాడలో తిరువూరు బస్సెక్కితే ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు, ఆ తర్వాత కొండపల్లి కొండలు, ఆపైన మామిడి తోటలు. బుడమేరుకి నీళ్లొచ్చేది ఈ కొండల మీంచే. 2024 సెప్టెంబరులో బెజవాడని ముంచాక గానీ దాని పేరు బయటి ఊళ్లకి తెలియలేదు. ఒకప్పుడు నాటక సమాజంతో పేరు తెచ్చుకున్న మైలవరం, 1998లో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కళాశాల వచ్చాక బీటెక్ ఊరైంది. బీటెక్ ఊరంటే విడమరిచి చెప్పక్కర్లేదు. జిరాక్స్ షాపులు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, మధ్యమధ్య కన్సల్టెన్సీ ఫ్లెక్సీలు. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ. స్పెయిన్ ఎర్ర పసుపు జెండా ఒక్క ఫ్లెక్సీ మీద కూడా నాకు కనిపించలేదు.

కనిపించకపోవడానికి కారణాలున్నాయి. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. మన పిల్లలు దేశాన్ని చూసి వెళ్లరు, అక్కడున్న బాబాయిని చూసి వెళ్తారు. ఎయిర్‌పోర్టుకి ఎవరొస్తారు, మొదటి నెల ఎవరింట్లో ఉండాలి, పార్ట్‌టైమ్ ఎవరు ఇప్పిస్తారు అన్నవి తేలాకే యూనివర్సిటీ పేరు. పైగా గోడల మీదికొచ్చేవి కన్సల్టెన్సీకి కమీషన్ ఇచ్చే చదువుల జెండాలు. స్కాలర్‌షిప్ ఇచ్చి పిలుచుకునేవాళ్లు కమీషన్ ఎందుకిస్తారు?

డాక్టరీ చదువుకైతే స్పెయిన్ దారి దాదాపు మూసుకుపోయింది. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ ఎంబీబీఎస్ 54 నెలలకి తగ్గకూడదు, చదువు ఇంగ్లీషులోనే సాగాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే చేయాలి. స్పెయిన్‌లోగానీ మెక్సికో, అర్జెంటీనాల్లోగానీ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాఠం నడిచేది స్పానిష్‌లో. అందుకే మన మెడికోలు ఫిలిప్పీన్స్‌లోని దావావోకి వెళ్తారు. తమాషా ఏమిటంటే, స్పెయిన్ మూడు వందల ఏళ్లకి పైగా ఏలిన దేశం అది. అక్కడి సంతలో ధరలు చెప్పేది స్పానిష్ అంకెల్లో. వారాల పేర్లు స్పానిష్, బల్ల స్పానిష్, చెంచా స్పానిష్. కూరగాయలమ్మే ఆవిడతో ‘సింక్వెంతా’ కాదు, ‘కువరెంతా’ చేసుకో అని బేరమాడే కృష్ణా జిల్లా కుర్రాడికి తాను స్పానిష్ లెక్కలు మాట్లాడుతున్నానని తెలియనే తెలియదు.

స్పెయిన్‌కి నేరుగా వెళ్లేవాళ్లలో స్కాలర్‌షిప్ మీద వెళ్లేవాళ్ల దారి పేరు ఎరాస్మస్ ముండుస్. 2004లో యూరోపియన్ యూనియన్ మొదలుపెట్టిన పీజీ పథకం ఇది. ఒకే కోర్సుని కనీసం మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి, దేశాలు మారుతూ చదవాలి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు చేతికొస్తాయి. మన లెక్కలో లక్ష పైమాటే. హిరోనా విశ్వవిద్యాలయంలో రోబోల కోర్సు ఉంది. ఒవియెదో విశ్వవిద్యాలయం ముందుండి నడిపేది విద్యుత్ వ్యవస్థలు, రవాణా కలిసిన కోర్సు. పాఠాలు ఇంగ్లీషులోనే. మన అమ్మాయి చేరింది ఈ రెండోదాంట్లో. థర్మల్ స్టేషన్ పొగ చూస్తూ పెరిగి ట్రిపుల్ ఈ చదివిన పిల్ల మరి.

కాగితాల బాధ గురించి ఎక్కువ చెప్పను. పోలీసు క్లియరెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, డిగ్రీకి అపోస్టిల్ ముద్ర, వాటికి ప్రమాణం చేసిన అనువాదకుడి స్పానిష్ తర్జుమా, సొంత ఖర్చుతో వెళ్లేవాళ్లయితే నెలకి 600 యూరోల లెక్కన ఖాతాలో డబ్బున్నట్టు రుజువు. హైదరాబాదు వీసా కేంద్రానికి ఆవిడ కూతురితో మూడుసార్లు వెళ్లొచ్చారు. మూడోసారి దారిలో కొన్న కొబ్బరి బొండాల ధర కూడా ఆవిడకి గుర్తుంది.

కాలేజీ ఉన్న ఊరి పేరుతో మొదలైంది అసలు కథ. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తల్లి ‘జీజోన్’ అన్నారు, తండ్రి ‘గిజాన్’ అన్నారు. దిగాక తెలిసింది అది ‘హిహోన్’ అని. ఆ హ కూడా మన హ కాదు, గొంతులో గీసుకుంటూ రావాలి. ఉత్తరాన సముద్రం ఒడ్డున, ఏడాదిలో చాలా రోజులు తుంపరపడే ఊరు. ఆపిల్ కల్లు అక్కడ ప్రసిద్ధి. సీసాని తలమీదికెత్తి, నడుం దగ్గర పట్టుకున్న గ్లాసులోకి సన్నటి ధారగా పోస్తారు. అమ్మాయి పంపిన వీడియో చూసి కొట్టు ఎదురుగా ఉన్న టీ మాస్టరు పెదవి విరిచాడు. “చుక్క కిందపడింది చూడండి. మన దగ్గరైతే పనిలోంచి తీసేస్తారు.”

క్లాసులో ఇంగ్లీషు సరిపోయింది, క్లాసు బయట సరిపోలేదు. ఇంటి ఓనరమ్మకి రాదు, మున్సిపాలిటీలో చిరునామా నమోదు చేసే గుమాస్తాకి రాదు, ఉల్లిపాయలమ్మే ముసలాయనకి అసలే రాదు. డల్లాస్‌లో అయితే తెలుగుతోనే నెల గడిపేయొచ్చు. ఇక్కడ తెలుగు లేదు, ఇంగ్లీషు చెల్లదు. మొదటి రెండు నెలలు అమ్మాయి స్పానిష్‌ని ఇంగ్లీషు నోటితో పలికింది. టొమాటో అంటే ‘టొమేటీ’ అన్నట్టు. ఎవరికీ అర్థం కాలేదు. ఒకరోజు విసుగొచ్చి పుస్తకంలో మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంది. తొమాతె. అంతే, కూరగాయలాయన తీసిచ్చేశాడు.

ఈ ముక్క దగ్గర నేను కొంచెం ఆగుతాను. ఇంగ్లీషు ట, డలు స్పానిష్‌లో లేవు, ఉన్నవి మన త, ద. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ, ఎక్కడ రాసినా అవే. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మన భాషలాగే. క్రియలోనే మనిషి ఉంటాడు. ‘బెంగొ’ అంటే వస్తున్నాను, ‘బియెనెస్’ అంటే వస్తున్నావు. ‘నేను’, ‘నువ్వు’ విడిగా చెప్పక్కర్లేదు. అంతకన్నా ముచ్చటైనది ‘మె గుస్త’. ఇంగ్లీషువాడికి దీన్ని నేర్పాలంటే పంతుళ్లు తల పట్టుకుంటారు, వాడు ‘నేను ఇష్టపడతాను’ అనే అంటాడు. స్పానిష్‌లో నచ్చడం అనే పని చేసేది మామిడిపండు, నేను కాదు. ‘నాకు నచ్చుతుంది.’ ఆ ‘నాకు’ని తెలుగు పిల్లకి ప్రత్యేకంగా నేర్పేదేముంది!

ఇక పాత బడి అక్షరాల సంగతి. బండి ఱ ని మనం వర్ణమాల చివర్లో అటకెక్కించాం. స్పానిష్‌లో అది బతికుంది. ‘పెరొ’ అంటే ‘కానీ’, ‘పెఱ్ఱొ’ అంటే ‘కుక్క’. తేడా తెలియకపోతే ‘కానీ సార్’ అనబోయి ‘కుక్క సార్’ అంటాం. ఇంకో అనాథ అక్షరం ఞ. పలక మీద దిద్దడమే తప్ప దానితో మొదలయ్యే మాట మనకి తెలియదు, వాచకంలో విజ్ఞానం అని జ కింద వత్తుగా తోసేశారు. ఆ దేశం పేరులోనే ఉంది అది: ఎస్పాఞ. రేపు అంటే మఞాన, పిల్లాడు నీఞొ, ఏడాది ఆఞొ. ఞ కి బదులు ఒట్టి న పలికితే ఆ ఏడాది కాస్తా ఇక్కడ అచ్చు వేయలేని మాటైపోతుంది. తన వయసు చెప్పబోయి అమ్మాయి మొదటి క్లాసులో చేసింది అదే.

నారింజని వాళ్లు ‘నరాంహ’ అంటారు. చక్కెర ‘అథూకర్’. రెండూ మన దేశంలో బయల్దేరి, పర్షియా మీదుగా అరబ్బుల చేతుల్లో స్పెయిన్ చేరిన మాటలు. వాళ్ల బియ్యం ‘అర్రోథ్’ని కూడా వెనక్కి తీసుకెళ్తూ మన ‘వరి’ దాకా తెచ్చే భాషావేత్తలున్నారు. వాలెన్సియా చుట్టూ ఉన్న వరి మళ్ల ఫొటో చూపించి దివిసీమ అంటే నేనైతే నమ్మేస్తాను.

అంతా సులువేమీ కాదు. బల్ల ఆడది, సమస్య మగది. తెలుగులో బల్లకీ బండకీ లింగంతో పనిలేదు కాబట్టి అక్కడ మనవాళ్లు చతికిలబడతారు. ఇంకో చిక్కు, నువ్వు-మీరు. రెండూ ఆ భాషలో ఉన్నాయి, తూ, ఉస్తెద్ అని. కానీ నెరిసిన గడ్డం ప్రొఫెసర్ తనని పేరుపెట్టి ‘నువ్వు’ అనమంటాడు. మైలవరంలో లెక్చరర్ ఎదురొస్తే సైకిల్ దిగిన పిల్ల. ఏడాదంతా ఆయనతో మాట్లాడాల్సిన ప్రతి వాక్యాన్నీ ఆ మాటే రాకుండా తిప్పి తిప్పి చెప్పిందట.

బార్సిలోనా, వాలెన్సియాల వైపు వెళ్లినవాళ్లకి ఇంకో పాఠం ఎదురవుతుంది. కష్టపడి స్పానిష్ నేర్చుకుని దిగితే బోర్డుల మీద కాటలాన్. మద్రాసులో తెలుగు కోసం కొట్లాడిన వాళ్ల మనవలకి ఇది అర్థం కాకపోదు.

2025 ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:33. స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగం మొత్తం కరెంటు పోయింది. రైళ్లు ఆగాయి, లిఫ్టులు ఆగాయి, కార్డు మిషన్లు ఆగాయి. బ్యాటరీ రేడియోల కోసం జనం షాపుల ముందు వరుస కట్టారు. విద్యుత్ వ్యవస్థలు చదవడానికి వెళ్లిన పిల్లకి అంతకన్నా పెద్ద ప్రాక్టికల్ క్లాసు ఎవరు పెడతారు? తోటి విద్యార్థులు ఫోన్లు పట్టుకుని కంగారుపడుతుంటే ఈ అమ్మాయి కిందకి దిగి రొట్టె, నీళ్లు, కొవ్వొత్తులు కొనుక్కొచ్చింది. పర్సులో నోట్లున్నది తనకొక్కదానికే. “బయటికెళ్లేటప్పుడు చేతిలో డబ్బుంచుకో అని నేను చెప్పబట్టే” అంటారు తల్లి. గ్రిడ్‌లో వోల్టేజీ హద్దు మీరడం, దాంతో ఒకదాని వెనుక ఒకటిగా ఉత్పత్తి కేంద్రాలు విడిపోవడం కారణమని తర్వాత ప్రభుత్వ నివేదిక తేల్చింది. వోల్టేజీ ఎక్కువై మోటారు కాలడం మన రైతుకి వింత కాదు. ఒక దేశానికి దేశమే కాలిన మోటారులా ఆగిపోవడం మాత్రం వింతే.

హిహోన్ ఉన్న అస్తూరియస్ ప్రాంతం తరతరాలుగా బొగ్గు గనుల సీమ. 2018 చివరికి స్పెయిన్ తన బొగ్గు గనుల్లో చాలావాటిని మూసేసింది, కార్మికులతో 25 కోట్ల యూరోల ఒప్పందం చేసుకుని. ఇబ్రహీంపట్నంలో ఇంకా పొగ లేస్తూనే ఉంది. ఇక్కడికి తిరిగొస్తే ఈ చదువు దేనికి పనికొస్తుందని అడిగితే అమ్మాయి ఫోన్లోనే నవ్వి ఊరుకుంది.

తెలుగువాళ్లకి స్పానిష్ కొత్తని నేను రాస్తే అనంతపురం వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే కన్నుమూసేదాకా ఉండిపోయారు. ఆయన పెట్టిన ఆర్డీటీ అనే సేవాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో వేలాది మంది పిల్లలు స్పెయిన్‌లోని దాతలకి ఉత్తరాలు రాస్తూ పెరిగారు, వాటిని తర్జుమా చేసే ఉద్యోగాల్లో తెలుగు యువకులు కుదిరారు. పల్లెటూరి డిగ్రీ పిల్లలకి స్పానిష్ నేర్పే బడి ఆ సంస్థకి సొంతంగా ఉంది. రఫేల్ నాదల్ 2010లో టెన్నిస్ బడి తెరిచింది కూడా ఆ ఊళ్లోనే. హైదరాబాదులో ఇఫ్లూ విశ్వవిద్యాలయం స్పానిష్‌లో డిగ్రీలిస్తోంది. అంతెందుకు, పి.వి. నరసింహారావుగారికి స్పానిష్ వచ్చేది. కరువు సీమ ఎన్నడో అందిపుచ్చుకున్నదాన్ని కాలువల కింద ఉన్న మనం ‘ఇద్దరమ్మాయిలతో’ సినిమాలో బార్సిలోనా వీధులు చూసి సరిపెట్టుకున్నాం.

ఇప్పుడు మైలవరం కొట్టులో గోడ గడియారం పక్కనే ఇంకో గడియారం ఉంది. చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక, ఎండాకాలంలో మూడున్నర. జూన్‌లో హిహోన్‌లో రాత్రి పదింటికి పొద్దు గూకుతుంది. 1940లో స్పెయిన్ బెర్లిన్ టైముకి జరిపిన ముల్లుని మళ్లీ వెనక్కి జరపలేదు మరి. కూతురు రెండున్నరకి భోజనానికి కూర్చుంటే ఇక్కడ కొట్టులో సాయంత్రం బేరాలు మొదలవుతాయి. కూతురు చేరిన మొదటి వారంలో వచ్చిన ఫోన్ అలాంటి వేళే.

స్పెయిన్ వాళ్లకి ఇంటిపేర్లు రెండు. ఒకటి నాన్నది, రెండోది అమ్మది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. భాష నేర్పే పంతులమ్మ అందర్నీ లేపి వాళ్ల పద్ధతిలో పేరు చెప్పమంది. ఈ పిల్ల తన పేరు చెప్పింది, నాన్న ఇంటిపేరు చెప్పింది, ఆగిపోయింది. వెల్వడంలో అమ్మమ్మగారింట్లో సెలవులన్నీ గడిపింది గానీ, తాతయ్యని ఊరంతా ‘మేస్త్రీ గారు’ అనే పిలిచేది. ‘మాఎస్త్రొ’కి చుట్టమైన మాటే అది కూడా, కానీ ఇంటిపేరు కాదుగా.

“అమ్మా, నీ ఇంటిపేరేంటే?”

“అదేంటే, మన ఇంటిపేరే.”

“అది నాన్నది. నీది చెప్పు.”

ఎదురుగా ఎవరో అరకిలో కందిపప్పు అడుగుతున్నారట. కాటా మీద చెయ్యి అలాగే ఉండిపోయిందని చెప్పారావిడ. పాతికేళ్లయింది ఆ మాట పలికి. మెల్లగా చెప్పారు. అవతల పెన్ను గీసిన చప్పుడు, ఆ వెంటనే కూతురి గొంతు.

“అందులో ర మామూలు రా, బండి రా?”