లోపల దాచుకున్న కోపమును ప్రభువుకు అప్పగించుదము



నర్సంపేట, పరకాల వైపు నుండి వచ్చే కుటుంబాలలో మేము తరచుగా చూసేది ఒకటి ఉన్నది. తల్లి వార్డులో ఉంటుంది. పెద్దకొడుకు వెళ్లిన తర్వాతే చిన్నకొడుకు వస్తాడు. పొలం పంపకం దగ్గర మాట పట్టింపు. అడిగితే ఇద్దరూ "కోపమేమీ లేదు సిస్టర్" అంటారు.

కోపం వచ్చినప్పుడు మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథుల నుండి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. కోపం చల్లారితే అన్నీ సర్దుకుంటాయి. జరిగిన దానిని రోజూ తలంచుకొనేవారికి మాత్రం తలంచిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. నిద్ర పట్టదు, తలనొప్పి, కడుపులో మంట వస్తాయి. బి.పి., షుగరు ఉన్నవారికి మరింత కష్టం.

2 సమూయేలు 13వ అధ్యాయము చదవండి. చెల్లెలు తామారుకు జరిగిన ఘోరమునకు అబ్షాలోము కోపించుట న్యాయమే. కాని అతడు ఆ కోపమును రెండేండ్లు మౌనముగా దాచుకున్నాడు. చివరకు అది హత్యగా బయటపడింది.

క్షమించుట అంటే జరిగినది తప్పు కాదని ఒప్పుకొనుట కాదు. 1999 జనవరిలో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠు రోగులకు సేవ చేసిన గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కుమారులను సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ గారు హంతకులను క్షమించినట్లు చెప్పి, ఆ తర్వాత కొన్ని సంవత్సరాలు బారిపదలోనే ఉండి సేవ కొనసాగించారు. చట్టం కూడా తన పని చేసింది. 2011లో సుప్రీంకోర్టు ముఖ్య దోషికి యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. పగ వదలుకొనుట వేరు, న్యాయము జరుగుట వేరు.

మీరు చేయదగినవి:

1. ఎవరు, ఏమి చేసి గాయపరచారో పేరు పెట్టి ప్రభువుకు చెప్పండి. ఏడుపు వస్తే ఏడ్వండి.

2. మత్తయి 18:15లో ప్రభువు చెప్పినట్లు ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడండి. నలుగురిలో పెట్టవద్దు.

3. గాయము మరల గుర్తుకు వస్తే మరల క్షమించండి. ఒక్కరోజుతో తీరే పని కాదు.

కొట్టి హింసించే వారి దగ్గరకు ఒంటరిగా వెళ్లవద్దు. క్షమించినందుకు మరల దెబ్బలు తినవలసిన పని లేదు. మహిళలు 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి, లేదా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. మనసు తేలికపడినదని బి.పి. బిళ్లలు మానవద్దు.

అర్పణను బలిపీఠము దగ్గరే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు నేర్పించారు. వచ్చే ప్రభు బల్లకు ముందు, మీరు మాట్లాడని ఆ ఒక్కరి కొరకు ప్రార్థించండి. వీలైతే వారి గడప తొక్కండి.

దేవుడు మీ ఇండ్లలో సమాధానము దయచేయును గాక. ఆమేన్.