కుక్కపిల్ల కథ – ఒక కొత్త బొమ్మ

సెలవుల్లో పిల్లలు విసిగిస్తున్నారా? మా ఇంట్లో బొమ్మల కథే మందు! మన తెనాలి చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు 1947లో మొదలుపెట్టిన ‘చందమామ’ చూస్తూ పెరిగినదాన్ని కదా, పాత నోటుబుక్కులో నేనే గీస్తాను.

తెల్ల కుక్కపిల్ల పత్తి బోరెంలో నిద్రపోతుంది. దాన్ని వెతుకుతూ నేస్తం నల్లకుక్క మిరపకల్లంలో పడి ఒకటే తుమ్ములు! ఆ తుమ్ములకి పిల్ల లేచి వస్తుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

మొన్న మావాడు నిజంగానే వీధికుక్కతో స్నేహం చేయబోయి కరిపించుకున్నాడు. అత్తయ్యగారు గాటుకి కారం అద్దబోయారు. వద్దని, సబ్బు రాసి కుళాయి కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో సూది వేయించాం. మిగతా సూదులూ తప్పలేదు.

ఇప్పుడు కథలో ఇంకో బొమ్మ చేర్చాను: అన్నం తినే కుక్కనీ, పిల్లల తల్లినీ దూరంనుంచే పలకరించాలి. మీరూ గీసి చూపించండి!