ఎవరిని తీసుకుందాం?

మన వీధిలో పిల్లలు కబడ్డీ ఆడతారు. ఆట మొదలయ్యే ముందు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలబడతారు. మిగతా పిల్లలు ఒక వరసలో నిలబడతారు. "నాకు సీను" అంటాడు ఒక నాయకుడు. "అయితే నాకు యాదగిరి" అంటాడు రెండో నాయకుడు. పిల్లలు ఒక్కొక్కరే అటూ ఇటూ వెళ్లిపోతారు. చివరికి ఒక బక్క పిల్లాడు మిగులుతాడు. వాణ్ణి ఎవరూ పిలవరు. కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ నిలబడతాడు.

అమెరికా, కెనడా దేశాల్లో ఇదే పని పెద్దవాళ్లు చేస్తారు. కోట్లు తొడుక్కుని, బల్లల చుట్టూ కూర్చుని చేస్తారు. దీన్ని డ్రాఫ్టు అంటారు. ఇది బ్యాంకులో తీసే డ్రాఫ్టు కాదు. జట్లు ఒకదాని తరువాత ఒకటి, వంతుల ప్రకారం కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. ఎవరిని తీసుకోవాలి అన్న దాని మీద నెలల తరబడి వాదించుకుంటారు. ఆ వాదన ఏమిటో, అది ఎందుకు అంత కష్టమో తెలుసుకుందాం.

మంచు మీద హాకీ

మన దేశంలో హాకీ మైదానంలో ఆడతారు. కెనడాలో మంచుగడ్డ మీద ఆడతారు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డ కడతాయి. దాని మీద మనుషులు నడవవచ్చు, పరుగెత్తవచ్చు. అట్లా పుట్టింది ఈ ఆట. ఇప్పుడు పెద్ద పెద్ద భవనాల లోపలే మంచు తయారుచేసి ఆడుతున్నారు. ఆటగాళ్ల బూట్ల కింద కత్తి అంచులాంటి ఇనుప పట్టీ ఉంటుంది. దాని మీద జర్రున జారుతూ పోతారు. బంతి ఉండదు. నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాన్ని కర్రతో కొట్టి గోల్ చేయాలి.

ఈ ఆటలో అన్నిటి కన్నా పెద్ద పోటీ పేరు నేషనల్ హాకీ లీగ్. అందులో 32 జట్లు ఉన్నాయి. 25 అమెరికావి, 7 కెనడావి. ఏటా డ్రాఫ్టు పెట్టి, 18 ఏళ్లు నిండిన కుర్రాళ్లను ఈ జట్లు పంచుకుంటాయి.

డ్రాఫ్టు రాకముందు ఇంకో పద్ధతి ఉండేది. జట్ల మనుషులు ఊళ్ల మీద పడి, బాగా ఆడే చిన్న పిల్లలను వెతికేవాళ్లు. కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. ఒక్కసారి సంతకం పెడితే ఆ పిల్లాడు ఇక ఆ జట్టుకే చెందుతాడు. సంతకం విలువ ఏమిటో మనకు చెప్పనక్కర లేదు. బాబీ ఓర్ అనే గొప్ప ఆటగాడు 1962లో బోస్టన్ జట్టుకు ఇట్లాగే కట్టుబడ్డాడు. అప్పటికి అతనికి 14 ఏళ్లు.

1963లో మొదటి డ్రాఫ్టు జరిగింది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో, ఒక హోటల్లో. అప్పుడు ఉన్నవి 6 జట్లే. ఎంచుకున్నది 21 మంది కుర్రాళ్లను.

ఓడినవాడిదే ముందు వంతు

వంతు ఎవరిది ముందు? మామూలుగా అయితే గెలిచిన వాళ్లకే అన్నీ ముందు అందుతాయి. ఇక్కడ అట్లా కాదు. ఆ ఏడాది బాగా ఓడిన జట్లు ముందు ఎంచుకుంటాయి. కప్పు గెలిచిన జట్టు అందరికన్నా చివర ఎంచుకుంటుంది. బలహీనంగా ఉన్న జట్టుకు మంచి కుర్రాడు దొరికితే రేపు అదీ నిలబడుతుంది. అప్పుడే పోటీ రసవత్తరంగా ఉంటుంది.

న్యాయంగానే ఉంది కదా! కానీ మనిషి బుద్ధి ఊరుకుంటుందా? ఓడితే మంచి కుర్రాడు దొరుకుతాడు. అయితే ఓడితే పోలా! కొన్ని జట్లు కావాలనే ఓడుతున్నాయని మాట వచ్చింది. అందుకే 1995 నుంచి లాటరీ పెట్టారు. నంబర్లు వేసిన 14 బంతులను ఒక యంత్రంలో తిప్పి తీస్తారు. బాగా ఓడిన జట్టుకు మొదటి వంతు వచ్చే అవకాశం ఎక్కువ. కానీ ఖాయం కాదు.

2005లో ఒక వింత జరిగింది. అంతకు ముందు ఏడాది యజమానులకూ ఆటగాళ్లకూ జీతాల తగాదా వచ్చి ఆటలే జరగలేదు. ఎవరు ఓడారో, ఎవరు గెలిచారో లెక్కే లేదు. అందుకని 30 జట్లనూ లాటరీలో వేశారు. పిట్స్‌బర్గ్ జట్టుకు మొదటి వంతు తగిలింది. ఆ జట్టు సిడ్నీ క్రాస్బీ అనే కుర్రాణ్ణి తీసుకుంది. అతనితో 2009, 2016, 2017 సంవత్సరాల్లో మూడుసార్లు కప్పు గెలిచింది. ఒక బంతి దొర్లడంతో ఒక ఊరి రాత మారింది.

గది లోపల వాదన

ప్రతి జట్టుకూ స్కౌట్లు అనే మనుషులు ఉంటారు. ఏడాది పొడవునా ఊరూరా తిరిగి కుర్రాళ్ల ఆట చూడటమే వాళ్ల పని. చలిలో, మంచు వానలో వందల మైళ్లు బండి నడుపుతారు. చూసింది రాసుకుంటారు. డ్రాఫ్టుకు ముందు అందరూ ఒక గదిలో చేరతారు. ఇక మాట మీద మాట. ఆ మాటలు ఇట్లా ఉంటాయి అనుకోండి.

"ఈ కుర్రాడు ఆరడుగుల మూడంగుళాలు. ఎవరు గుద్దినా పడడు. ఇతన్ని తీసుకుందాం."

"ఎత్తు ఏం చేసుకుంటాం? ఆ రెండో వాడు పొట్టివాడే. కానీ బిళ్ళ ఎటు పోతుందో వాడికి ముందే తెలుస్తుంది."

"పొట్టివాడు ఇప్పుడు పిల్లల మధ్య ఆడుతున్నాడు. రేపు పెద్దవాళ్ల మధ్య నలిగిపోతాడు."

"మనకు ముందు గోల్ కాచేవాడు లేడు. ఆ సంగతి చూడండి."

"ఈ రోజు లోటు చూసి కొంటారా? ఈ పిల్లలు తయారయ్యేది మూడు నాలుగు ఏళ్లకు. అప్పటికి మన లోటు వేరే ఉంటుంది. అందరిలోకీ మంచివాడెవడో వాణ్ణే తీసుకోవాలి."

సంతలో గేదె పడ్డను కొన్నవాళ్లకు ఈ వాదన కొత్త కాదు. అది ఇంకా ఈనలేదు. పాలు ఎన్ని ఇస్తుందో ఎవరికీ తెలియదు. తల్లి ఎట్లాంటిదని అడుగుతాం. నడక చూస్తాం. ఒంటి మీద చేయి వేసి చూస్తాం. చివరికి ధైర్యం చేసి డబ్బు ఇస్తాం. పిల్లలను పశువులతో పోల్చడం నాకూ బాగా అనిపించదు. కానీ అక్కడ జరిగేది చాలావరకు అదే. డ్రాఫ్టుకు ముందు కుర్రాళ్లను ఒకచోటికి పిలిచి ఎత్తు, బరువు కొలుస్తారు. కదలని సైకిల్ ఎక్కించి ఊపిరి ఆగేదాకా తొక్కిస్తారు. దిగాక కొందరు వాంతి చేసుకుంటారు. తరువాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు.

ఇన్ని చేసినా తప్పులు జరుగుతాయి. 1993లో మొదటి వంతు ఒట్టావా జట్టుది. అలెగ్జాండర్ డేగ్ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. అయిదేళ్లకు కోటీ 22 లక్షల డాలర్ల పైన ఇస్తామన్నారు. ఆట మొదలు పెట్టకముందే అంత డబ్బు! రెండో వంతులో హార్ట్‌ఫోర్డ్ జట్టు క్రిస్ ప్రాంగర్‌ను తీసుకుంది. ఆ రోజు డేగ్ సంతోషంలో ఒక మాట అన్నాడు. రెండోవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు అన్నాడు. తరువాత ఏమైంది? 2000 సంవత్సరంలో లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఆ రెండోవాడికే, ప్రాంగర్‌కే వచ్చింది. డేగ్ అనుకున్నంత ఎదగలేదు. ఇప్పటికీ చెడ్డ ఎంపిక అనగానే జనం అతని పేరే చెబుతారు. నాకైతే అతని మీద జాలి కలుగుతుంది. 18 ఏళ్ల పిల్లాడు గొప్ప మాట ఒకటి అంటే అన్నాడు. అతన్ని ఎంచుకున్నది పెద్దవాళ్లు. నింద మాత్రం జన్మంతా పిల్లాడికి.

ఎవరూ పిలవని వాళ్ల సంగతి వినండి. డెట్రాయిట్ జట్టు స్కౌట్ ఒకాయన రష్యా వెళ్లాడు. ఒక కుర్రాణ్ణి చూద్దామని వెళితే, అవతలి జట్టులో బక్కగా ఉన్న ఇంకో కుర్రాడు కంట పడ్డాడు. అతని పేరు పావెల్ దట్సుక్. 1998 డ్రాఫ్టులో 170 మందిని పిలిచాక, 171వ పేరుగా అతన్ని పిలిచారు. అంటే ప్రతి జట్టూ అతన్ని చాలాసార్లు దాటిపోయింది. 2002లో, 2008లో డెట్రాయిట్ కప్పు గెలిచినప్పుడు అతను ఆ జట్టులో ఉన్నాడు.

మార్టిన్ సెయింట్ లూయీని అసలు ఎవరూ పిలవనే లేదు. అతని ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. చిన్నవాడు అన్నారు. ఒక జట్టు తీసుకున్నట్టే తీసుకుని వదిలేసింది. టాంపా జట్టు చోటిచ్చింది. 2004లో ఆ జట్టు కప్పు గెలిచింది. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే.

పుట్టిన నెల

తల్లులకు బాగా అర్థమయ్యే సంగతి ఇంకొకటి ఉంది. కెనడాలో పిల్లల జట్లను పుట్టిన సంవత్సరం చూసి చేస్తారు. జనవరిలో పుట్టినవాడూ, డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. కానీ ఇద్దరికీ మధ్య 11 నెలల తేడా. ఎనిమిదేళ్ల వయసులో 11 నెలలంటే తక్కువా? జనవరి పిల్లాడు ఎత్తుగా ఉంటాడు. గురువు కంట్లో వాడే పడతాడు. మంచి జట్టులో వేస్తారు. ఎక్కువ ఆడిస్తారు. ఆడిన కొద్దీ ఆట వస్తుంది. డిసెంబరు పిల్లాడు వెనక బెంచీ మీద కూర్చుంటాడు.

2013లో కొందరు పరిశోధకులు లెక్క తీశారు. 1980 నుంచి 2006 వరకు జరిగిన డ్రాఫ్టులన్నీ చూశారు. ఎంపికైన ప్రతి 100 మందిలో 36 మంది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్లే. ఏడాది చివరి ఆరు నెలల్లో పుట్టినవాళ్లు 34 మంది. కానీ తరువాత లీగ్‌లో ఎవరు ఎక్కువ ఆడారు? ప్రతి 100 ఆటల్లో 42 ఆటలు ఆ 34 మందే ఆడారు. చివర పుట్టిన పిల్లలను పెద్దవాళ్లు తక్కువ అంచనా వేశారన్నమాట. ఒంటి పెరుగుదలను చూసి ఆట అనుకున్నారు.

అన్నం పెట్టిన అమ్మలు

కెనడాలో బాగా ఆడే కుర్రాళ్లు 16 ఏళ్లకే ఇల్లు వదిలి దూరపు ఊరికి వెళతారు. అక్కడ కుర్రాళ్ల లీగ్‌లో ఆడతారు. మరి ఉండేది ఎక్కడ? ఆ ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో. ఆ ఇంటి ఇల్లాలు వాళ్లకు వండి పెడుతుంది. బడికి లేపుతుంది. ఓడి వచ్చిన రాత్రి పలకరిస్తుంది. జట్టు కొంత ఖర్చు ఇస్తుంది గానీ, ఆ చాకిరీకి అది సరిపోతుందా!

స్కౌట్లు ఈ ఇళ్లవాళ్లను కూడా అడిగి తెలుసుకుంటారు. పిల్లాడు తిన్న కంచం తీస్తాడా? చెప్పిన మాట వింటాడా? మంచు మీద కనపడని గుణం ఆ వంటింట్లో కనపడుతుంది. గదిలో కూర్చుని వాదించే వాళ్లలో ఆడవాళ్లు చాలా కాలం దాకా లేనే లేరు. వాళ్ల వాదనకు కావలసిన మాట మాత్రం ఆడవాళ్ల దగ్గరే దొరికేది.

పిల్లాడి ఇష్టం ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు. ఏ జట్టు పిలిస్తే ఆ ఊరు పోవాలి. 1991లో ఎరిక్ లిండ్రోస్ అనే కుర్రాడు మాత్రం ఎదురు తిరిగాడు. క్విబెక్ జట్టు మొదటి వంతులో అతన్ని పిలిచింది. ఆ జట్టుకు ఆడను అన్నాడు. ఏడాది పాటు ఆడలేదు కూడా. 1992లో క్విబెక్ అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చి, బదులుగా డబ్బూ, చాలామంది ఆటగాళ్లనూ తీసుకుంది. అందరికీ అంత మొండితనం చెల్లదు. అంత పేరున్నవాడు కాబట్టి అతనికి చెల్లింది.

ఆడవాళ్ల డ్రాఫ్టు

ఆడవాళ్లు కూడా మంచు హాకీ ఆడతారు. కెనడా, అమెరికా ఆడవాళ్లు ఒలింపిక్స్‌లో పతకాలు గెలుస్తూ వచ్చారు. కానీ ఆటతో బతుకు గడిచేది కాదు. కెనడాలో ఒక ఆడవాళ్ల లీగ్ 2007లో మొదలైంది. చాలా ఏళ్లు జీతమే ఇవ్వలేదు. పగలు ఇంకో పని చేసుకుని రాత్రిళ్లు ఆడేవాళ్లు. డబ్బు లేక 2019లో ఆ లీగ్ మూతపడింది.

2023లో జీతాలిచ్చే కొత్త లీగ్ పెట్టారు. 6 జట్లు. ఆ సెప్టెంబరులో టొరంటో నగరంలో మొదటి డ్రాఫ్టు జరిగింది. 90 మందిని ఎంచుకున్నారు. ఇక్కడ ఎంపికకు వచ్చినవాళ్లు అప్పుడే చదువు ముగించిన పిల్లలు మాత్రమే కాదు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి వాదన ఇంకో రకంగా నడిచింది. పదేళ్లు ఆడగల చిన్నదాన్ని తీసుకోవాలా, ఇప్పుడే గెలిపించగల అనుభవం ఉన్నామెను తీసుకోవాలా?

మొదటి వంతు మిన్నెసోటా జట్టుది. 23 ఏళ్ల టేలర్ హైజ్‌ను తీసుకుంది. 2024లో మొదటి కప్పు మిన్నెసోటాకే వచ్చింది.

నటలీ స్పూనర్‌కు అప్పటికి 32 ఏళ్లు. 2022 డిసెంబరులో ఆమెకు కొడుకు పుట్టాడు. డ్రాఫ్టు నాటికి ఆ పసివాడికి ఇంకా ఏడాది నిండలేదు. మూడు విడతలు గడిచాయి. 18 మంది పేర్లు పిలిచారు. ఆమె పేరు రాలేదు. నాలుగో విడతలో టొరంటో జట్టు ఆమెను పిలిచింది. ఆ లీగ్ మొదటి ఏడాదిలో ఆమె 20 గోల్స్ కొట్టింది. అందరికన్నా ఎక్కువ గోల్స్ ఆమెవే. ఉత్తమ క్రీడాకారిణి బహుమతి కూడా ఆమెకే ఇచ్చారు.